ఒక ముడికి రెండు పనులు

మా తాత, హాషం దాదాకు కోపం వస్తే బండితో మాట్లాడతాడు. ప్రేమ పుట్టినా బండితోనే. మనుషులకు మిగిలేది దగ్గు ఒక్కటే. అన్నం పెట్టమంటున్నాడా, అవతలికి పొమ్మంటున్నాడా, పండక్కి కొత్త బట్టలు కొంటానంటున్నాడా అన్నది ఆ దగ్గులోంచే మేం ఏరుకోవాలి. నానమ్మ, అంటే మా దాదీ జహీరా ఉన్నప్పుడు ఆమె విడమరిచి చెప్పేది. ఆమె పోయాక ఆ నౌకరీ నాకు పడింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన దానికి అంతకంటే పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?

మా ఇంట్లో దక్కనీ, గల్లీలో తెలుగు, కొట్లాటలో రెండూ. నేను చదివిన నాలుగు ముక్కలూ సర్కారు తెలుగు బడిలోవి కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. తప్పులుంటే బడిని తిట్టండి.

దాదా షెడ్డు పంజాగుట్టలో పెళ్లి బట్టల దుకాణాల వెనక గల్లీలో ఉంది. ముందు నుంచి చూస్తే అద్దాల్లో జరీ షేర్వానీలు, వెనక నుంచి చూస్తే మా దాదా బనియను. డెబ్భై రెండేళ్ల మనిషి. జేబులో షుగరు మాత్రలు, చక్రం పుల్లలు బిగించే చిన్న పానా, రెండు మూడు వాల్వు మూతలు ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఏదో ఒక రోజు మాత్ర అనుకుని మూత మింగుతాడని నా భయం. "మింగితే ఏమైతది? లోపలి గాలి బయటికి పోకుంట ఉంటది" అంటాడు. ఇలాంటి జవాబులు మాత్రం దగ్గకుండా చెబుతాడు.

ఆ షెడ్డులో స్కూటర్లు, మోపెడ్లు, పాల డబ్బాల బండ్లు చాలానే బాగయ్యాయి. కానీ దాదా మనసు పెట్టింది ఒక్కదాని మీదే. దాని పేరు బక్రీ.

బక్రీకి సీటు ఉండదు. ఉండకూడదు కూడా. ట్రయల్స్ బండి అంటారు దాన్ని. పరుగు పందేలది కాదు. బండరాళ్ల మీద, మిట్టల మీద, మనిషి కాళ్లతోనే ఎక్కడానికి జంకే చోట, నిలబడి నడపాలి. కాలు నేలకు ఆనితే తప్పు పడుతుంది. ఎవరు తక్కువసార్లు కాలు పెడితే వాళ్లు గెలిచినట్టు. మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థం కాలేదు. "గింత మెల్లగ పోతుంది, ఇదేం పోటీ దాదా?" అంటే, "ఉరుకుడు అందరికి వస్తది బేటీ. నిలబడుడే రాదు" అన్నాడు.

ఒక పాత టూ స్ట్రోక్ బండిని తుక్కులో కొని, చట్రం కోసి, బరువంతా చెక్కేసి, కాళ్లు పెట్టుకునే కమ్మీలను వెనక్కి జరిపి, మేక ఎముకల గూడులా మిగిలేదాకా తీసేసి దాన్ని తయారు చేశాడు. అందుకే బక్రీ. గల్లీలోంచి తోసుకెళ్తుంటే ప్రతివాడూ అడిగేవాడే: "చాచా, సీటు ఎవరు ఎత్తుకపోయిండ్రు?" దాదా దగ్గేవాడు. నేను తర్జుమా చేసేదాన్ని: "మీ అయ్యనే అంటుండు."

దాన్ని నడిపేది దాదా చిన్న కొడుకు, మా జావేద్ చాచా. ముప్పై ఒకటి వయసు. బేగంపేటలో ఒక హోటల్లో సరుకుల గది చూసుకుంటాడు. ఆదివారం వస్తే మాత్రం బక్రీ మీదే. ఎక్కడైనా పాత ఇల్లు పడగొడితే ఆ రాళ్ల గుట్ట మీద, మెట్రో పని మిగిల్చిన సిమెంటు దిమ్మెల మీద తండ్రీ కొడుకులు పొద్దున్నే సాధన చేసేవాళ్లు. నేను ఛాయ్ ఫ్లాస్కు పట్టుకుని కూర్చునేదాన్ని.

బండి సిద్ధం చేయడంలో దాదా పద్ధతులు దాదావే. ఈ బండి టైర్లలో గాలి చాలా తక్కువ ఉండాలి, రాయిని అరచేతిలా పట్టుకోవడానికి. మామూలు గాలి మీటరులో ముల్లు కదలను కూడా కదలదు. దాదా బొటనవేలితో నొక్కి చూస్తాడు. "ముందు టైరు దోరజామ. వెనక టైరు పండుజామ." అంతే లెక్క. క్లచ్ లివరు ఒక్క చూపుడువేలికి అందేట్టు, ఆ వేలు ఎంత లాగితే బండి ఎంత కదలాలో చాచా వేలిని పట్టుకుని చూసి మరీ బిగిస్తాడు. లివర్లను చేతికమ్మీకి పూర్తిగా బిగించడు. కొంచెం వదులు. "పడ్డప్పుడు తిరగనీకి జాగ ఇయ్యాలె. మొత్తం బిగిస్తే ఇరుగుతది" అంటాడు. ఇంటికి వచ్చాక నీళ్ల పైపు పెట్టనివ్వడు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయని. తడిగుడ్డతో తుడవాలి. గాలి వడకట్టే స్పాంజిని పెట్రోల్లో ఉతికి, సబ్బునీళ్లలో ఉతికి, నీడలో ఆరబెట్టి, నూనె పట్టించి పిండాలి. చక్రం పుల్లల్ని ఒక్కొక్కటే పానాతో కొట్టి వినాలి. బొంగురుగా పలికింది వదులైనట్టు. పుల్లలు కొట్టే పని నాది. నా చెవి మంచిదట. "నాలుక అంత మంచిది కాదు" అని కూడా అన్నాడనుకోండి.

ఇంకొక పద్ధతి ఉంది. అసలు చెప్పాల్సింది అదే.

చాచా పదకొండేళ్లప్పుడు సైకిలు మీద మెట్లు దిగడం మొదలుపెట్టినప్పటి నుంచి, బండెక్కే ముందు రెండు చేతులూ చాచి దాదా ముందు నిలబడేవాడు. దాదా గ్లౌజులు బిగించి, మోచేతి కవచాలు సరిచేసి, హెల్మెట్ పట్టీ కింద వేలు పెట్టి చూసి, వీపు మీద ఒకటి వేసి "చలో" అనేవాడు. అన్నేళ్లలో చాచా ఒక్క పట్టీ కూడా తన చేత్తో కట్టుకోలేదు. చక్రం నుంచి మణికట్టు దాకా తండ్రిది. అక్కడి నుంచి తనది. అలా రెండు చేతులు చాచి నిలబడ్డ చాచాను చూసి "ముప్పై ఏళ్ల చంటిపాప" అని నేను ఏడిపించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ సమయంలో ఆయన చూపు చేతుల మీద ఉండేది కాదు, ఎక్కబోయే రాళ్ల మీదే.

మణికట్టు పని ముఖ్యమైనది. ట్రయల్స్ బండికి ఒక మీట ఉంటుంది. దాని మీద అయస్కాంతం మూత, ఆ మూతకు ఒక తాడు, తాడు చివర నడిపేవాడి మణికట్టుకు. మనిషి కింద పడితే తాడు లాగి మూత ఊడుతుంది, ఇంజను టక్కున ఆగిపోతుంది. మా బక్రీకి ఆ స్విచ్ చేసిచ్చింది ప్రమోద్. అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ బోర్డుల కింద, మెట్ల సందులో, రిమోట్లూ మిక్సీలూ బాగుచేసే చిన్న దుకాణం అతనిది. చాచాకు ఆరో తరగతి నుంచి దోస్తు. ఆ స్విచ్‌ను మూడుసార్లు చేసి, రెండుసార్లు తనే పారేసి, మూడోది తెచ్చిచ్చాడు. "చిచ్చా, ఇది బండిని ఆపకపోతే నా దుకాణం బంద్ చేస్త" అన్నాడు దాదాతో. అప్పుడు అందరం నవ్వాం.

ఇక దాదీ సంగతి. ఇంట్లోంచి ఎవరు దూరం వెళ్లినా ఆమె వాళ్ల చేతికి ఇమామ్ జామిన్ కట్టేది. ఒక నాణెం, దాన్ని చుట్టిన ఆకుపచ్చ గుడ్డ. ప్రయాణంలో కాపాడుతుందని. క్షేమంగా తిరిగొచ్చాక విప్పి, ఆ నాణెం ఎవరైనా లేనివాళ్లకు ఇచ్చేయాలి. నేను కరెంటు ఆఫీసు పనికి పక్కనే ఉన్న మాసబ్ ట్యాంక్ పోతున్నా కట్టబోయేది. ఆమె ముడికి ఒక నియమం ఉంది: తిరిగొచ్చాక కత్తెర పెట్టకూడదు, ఒక్క లాగుతో ఊడాలి. అలాంటి ముడే వేసేది. దాదా పక్కనే కూర్చుని నసిగేవాడు: "రూపాయి బిళ్ల బ్రేకు ఏస్తదా?" ఆమె అతని వైపు చూడకుండానే అనేది: "నీ బ్రేకు ఏస్తదా మరి? జర నా పని నన్ను చేసుకోనియ్యి."

ఆమె పోయిన రెండో ఏడు, ఫిబ్రవరిలో, ఊరి బయట గుట్టల్లో పోటీ. చాచాకు అది పెద్ద పోటీ. పొద్దున్న బయల్దేరే ముందు దాదా దాదీ పెట్టె తెరిచాడు. ఆకుపచ్చ గుడ్డ, అయిదు రూపాయల బిళ్ల తీశాడు. చాచా, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఏందట్ల చూస్తున్నరు? ఆమె లేదు. ఎవరో ఒకరు కట్టాలె గద" అన్నాడు.

జబ్బకు కట్టాలి. కానీ అక్కడ కవచం పట్టీలున్నాయి. కుడి మణికట్టుకు కడదామంటే అది యాక్సిలరేటర్ తిప్పే చెయ్యి. అందుకని ఎడమ మణికట్టుకు, గ్లౌజు పైన కట్టాడు. దాదీ ముడే వేశాడు. నలభై ఏళ్లు పక్కన కూర్చుని నసిగినవాడికి ఆ ముడి ఎంత బాగా వచ్చో! "దాదా, నువ్వే దాదీ అయిపోయినవ్" అన్నాను. దగ్గాడు. ఆ దగ్గుకు మాత్రం నాకు అర్థం దొరకలేదు.

రెండు మిట్టలు చాచా కాలు ఆన్చకుండా దాటాడు. మూడోది పెద్ద బండ, గోడలా నిటారుగా ఉంది. దానికి ముందు వచ్చి చేతులు చాచి నిలబడ్డాడు. స్విచ్ తాడు చివర మణికట్టుకు పెట్టుకునే పట్టీ ఉంటుంది కదా, దాదా చేతిలో దాని బకిల్ పగిలిపోయింది. చాచా చూపు బండ మీదే ఉంది. ఇంకో పట్టీ బ్యాగులో ఉంది, బ్యాగు కిందెక్కడో కారులో ఉంది. పేరు పిలుస్తున్నారు. దాదా తాడు చివర ఉంగరాన్ని ఇమామ్ జామిన్ గుడ్డలోకి దూర్చి, గుడ్డను ఒకసారి మెల్లగా లాగి చూశాడు.

"ఇది యాడికి పోతది" అన్నాడు, బక్రీతో అన్నట్టు. వీపు మీద ఒకటి వేసి "చలో" అన్నాడు.

నేను చూశాను. పక్కనే ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. చూసి నవ్వాను కూడా, ఇప్పుడు నాణెం నిజంగానే బ్రేకు వేస్తుందని.

బండ పైదాకా వెళ్లి బక్రీ ముందు చక్రం లేచింది. వెనక్కి పడ్డారు ఇద్దరూ. తాడు లాగింది. లాగితే ఊడే ముడి, లాగింది కాబట్టి ఊడింది. గుడ్డ వచ్చేసింది. మూత మాత్రం స్విచ్ మీదే కూర్చుని ఉంది. యాక్సిలరేటర్ రాయికి ఆని మొత్తం తిరిగిపోయింది. ఇంజను అరుస్తోంది. వెనక చక్రం చాచా పక్కటెముకల పక్కన తిరుగుతోంది. చాచా దాన్ని తోసేయడానికి ఎడమ చెయ్యి పెట్టాడు. చైను ఉన్న చోట పెట్టాడు.

డెబ్భై రెండేళ్ల మనిషి ఆ బండరాళ్ల మీద ఎలా పరుగెత్తాడో నాకు తెలియదు. స్విచ్ జోలికి పోలేదు. ఉత్త చేత్తో ప్లగ్ మూత పీకేశాడు. షాకు కొట్టి చెయ్యి ఎగిరిపడింది. ఇంజను ఆగింది. బండి లేపాడు. ఎవరో గుడ్డ చుట్టారు, ఎవరో చాచాను ఎత్తారు. అందరూ అటు పోయాక దాదా వంగి, రాళ్ల మధ్య పడ్డ ఆకుపచ్చ పీలికను, నాణేన్ని తీసి జేబులో వేసుకున్నాడు. మాత్రల పక్కన. తలెత్తితే ఎదురుగా నేనున్నాను.

"స్విచ్ పని చేయలే" అన్నారెవరో వెనక నుంచి. "చేసుంటే బండి ఆగేది గద."

దాదా దగ్గలేదు కూడా.

చూపుడువేలు మొదలంటా పోయింది. మధ్యవేలు సగం పోయింది. దవాఖానాలో పదకొండు రోజులున్నాడు చాచా. మెలకువ వచ్చినప్పుడల్లా ఒకటే మాట: "ప్రమోద్‌గాడు నన్ను ముంచిండు." ఎడమ చెయ్యి, చూపుడువేలు. క్లచ్ లాగే వేలు. దాదా ఆ వేలిని పట్టుకునే కదా లివరు బిగించేది.

ప్రమోద్ దవాఖానాకు వచ్చాడు. చాచా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ప్రమోద్ మా షెడ్డుకు వచ్చాడు.

"చిచ్చా, ఒక్కసారి ఆ స్విచ్ చూడనీ. ఏడ తప్పు చేసిన్నో నాకు తెల్వాలె. నిద్ర పడ్తలేదు నాకు."

"పోయింది బేటా. గుట్టల్లనే యాడనో పడిపోయింది" అన్నాడు దాదా.

స్విచ్ దాదా వెనక, వాషర్లుండే బిస్కెట్ డబ్బాలో ఉంది. నాణెం, గుడ్డ కూడా అందులోనే ఉన్నాయి. ప్రమోద్ ఆ డబ్బాకు రెండు అడుగుల దూరంలో నిలబడి, "సరే చిచ్చా, నువ్వు ఫికర్ చెయ్యకు" అని వెళ్లిపోయాడు. ఫికర్ చేయొద్దని ఎవరు ఎవరికి చెప్పాలో!

మా దాదా అబద్ధం ఆడటం నేను చూసింది అదే మొదలు. స్కూటరు రేపు ఇస్తానని ఎల్లుండి ఇవ్వడం అబద్ధం కాదు, అది మెకానిక్ తిథి.

ఆ తర్వాత అయిదు వారాలు దాదా రోజూ బక్రీని తుడిచాడు. ఎవరూ ఎక్కని బండికి రోజూ స్పాంజి ఉతికాడు. ఉతికిందే ఉతికాడు. చైను విప్పి, లింకు లింకుకూ బ్రష్షు పెట్టి రుద్దాడు. ఎందుకు రుద్దుతున్నాడో నాకు తెలుసు, ఆ పని నన్ను చేయనివ్వలేదు. ఒక రోజు పుల్లలు కొడుతూ కొడుతూ ఆగి అన్నాను:

"దాదా, నేను చూసిన."

"తెలుసు."

"మరి చాచాకు ఎందుకు చెప్తలేవ్? ప్రమోద్ అన్నను ఊకెనే తిడ్తుండు."

చాలాసేపు నూనె డబ్బా మూత తిప్పాడు. "వాడు చేతులు నాకు ఇస్తడు యుస్రా. చిన్నప్పటి సంది. చెప్పినంక ఇయ్యడు."

"ఇయ్యకపోతే ఏమాయె, ఉన్నయి మూడు వేళ్లే గద" అన్నాను. నా నాలుక మంచిది కాదని ఆయన ఊరికే అనలేదు. దాదా పానా కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు నా మొహం చూడలేదు.

విషయం కదిలింది కామరాజు గారి వల్ల. ఆయన ఎర్రమంజిల్ దగ్గర అపార్టుమెంటులో ఉండే రిటైరైన ఆఫీసరు. గోదావరి వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లైనా ఆయన మాట ఇక్కడి నీళ్లు తాగలేదు. స్కూటరు కంటే దాని మీద కబుర్లు చెప్పడం ఆయనకు ఇష్టం. ఒక మధ్యాహ్నం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏంటి హాషం గారూ, మీ అబ్బాయికి అంత పని చేసినవాణ్ని ఊరికే వదిలేశారేంటండీ? నేను మటుకు వదల్లేదు. ఆ ప్రమోద్ కొట్టుకి మా అపార్టుమెంటు వాళ్లెవరూ వెళ్లొద్దని చెప్పేశాను. మీ వాడు పెట్టింది చూపించా అందరికీ."

"ఏం పెట్టిండు?" అన్నాడు దాదా.

కామరాజు గారు ఫోను తీశాడు. చాచా తన చెయ్యి ఫొటో, ప్రమోద్ దుకాణం ఫొటో పక్కపక్కన పెట్టి రాశాడు: ఇతని చేతి పని నా చేతి పని ముగించింది. నేను చదివి వినిపించాను. అది గ్రూపు నుంచి గ్రూపుకు తిరిగి అమీర్‌పేట హాస్టళ్లన్నీ చుట్టి వచ్చిందట.

"ఇవాళ అటువైపు నించే వచ్చానండి. కొట్టు ఖాళీ చేస్తున్నాడు. బల్లలు బయట పెట్టాడు. మంచిదే అయ్యిందిలెండి" అన్నాడు కామరాజు గారు.

ఆయనకు ఏమీ తెలియదు పాపం. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. దాదా లేచి చేతులు తుడుచుకున్నాడు. బిస్కెట్ డబ్బా తెరిచి స్విచ్ తీసి బక్రీకి బిగించాడు. గుడ్డ, నాణెం జేబులో వేసుకున్నాడు. "జావేద్‌కు ఫోన్ కొట్టు. ప్రమోద్ దుకాణం కాడికి రమ్మను" అన్నాడు నాతో.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఎండలో, మెట్రో స్తంభాల పక్కనే, బక్రీని తోసుకుంటూ వెళ్లాం. ఆటో డ్రైవరొకడు అడగనే అడిగాడు: "చాచా, సీటేది?" నేను తల వంచుకుని బండి తోశాను. నా నౌకరీకి ఆ రోజు సెలవు పెట్టాను.

ప్రమోద్ మెట్ల సందు ముందు అట్టపెట్టెలు కడుతున్నాడు. చాచా ముందే వచ్చి రోడ్డుకు అవతల పక్క నిలబడ్డాడు, ప్రమోద్ ఉన్న వైపు రాకుండా. దాదా చెయ్యి ఊపితే దాటి వచ్చాడు. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటోంది.

"ఏంది బాబా ఇదంత? వీని కాడికి ఎందుకు పిలిచినవ్?"

దాదా బక్రీని స్టాండు మీద నిలబెట్టి, స్విచ్ మీద మూత పెట్టి కిక్కు కొట్టాడు. మూడో కిక్కుకు లేచింది.  స్విచ్‌ను చూసి ప్రమోద్ చేతిలోని దారపుండ కింద పడింది.

"చెయ్యి ఇయ్యి" అన్నాడు దాదా.

చాచా కుడి చెయ్యి ఇచ్చాడు. దాదా తల అడ్డంగా ఊపాడు. "గా చెయ్యి."

చాచా ఎడమ చెయ్యి బయటికి తీశాడు. కోచింగ్ పిల్లలు బ్యాగులతో వెళ్తూ చూసి, చూపు తిప్పుకున్నారు. దాదా కొత్త పట్టీ తీసి ఆ మణికట్టుకు బిగించి, తాడు తగిలించి, చాచా చేతిని పట్టుకుని వెనక్కి గుంజాడు. మూత ఊడింది. టక్కున ఇంజను ఆగిపోయింది. ప్రమోద్ గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"పనిచేస్తుంది గదరా ఇది" అన్నాడు చాచా అయోమయంగా. "మరి ఆ రోజు…"

దాదా మళ్లీ మూత పెట్టాడు. కిక్కు కొట్టాడు. పట్టీ విప్పేశాడు. జేబులోంచి ఆకుపచ్చ గుడ్డ తీశాడు. ఒక మూల నెత్తురు నల్లగా ఎండిపోయి ఉంది. ఆ మణికట్టుకే కట్టాడు, దాదీ ముడి. తాడు ఉంగరం అందులోకి దూర్చాడు. ఒకసారి మెల్లగా లాగి చూశాడు, ఆ రోజులాగే. "ఇది యాడికి పోతది" అన్నాడు, అదే గొంతుతో. తర్వాత చాచా చేతిని గుంజాడు.

గుడ్డ ఊడి కింద పడింది. నాణెం మెట్టు మీద దొర్లింది. బక్రీ ఆగలేదు.

అది అలా మోగుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు. చాచా కింద పడ్డ గుడ్డను చూశాడు, తన చేతిని చూశాడు, చివరికి దాదాను చూశాడు. పొగ మా అందరి మధ్యా నిండింది.

"మల్ల చెయ్యి" అన్నాడు చాచా.

దాదా గుడ్డ ఏరుకున్నాడు. ముడి రెండుసార్లు తప్పింది. మూడోసారి వేసి, గుంజాడు. గుడ్డ ఊడింది. బండి మోగింది.

"స్విచ్ పడిపోయిందంటివి గద చిచ్చా" అన్నాడు ప్రమోద్ నెమ్మదిగా.

"ఒక ముడికి రెండు పనులు చెప్పిన" అన్నాడు దాదా. అది ప్రమోద్‌కు జవాబు కాదు. బక్రీతో అంటున్నాడు. "ఊడాల్సిన ముడికి పట్టుకునే పని ఇచ్చిన. నలభై ఏండ్ల మెకానిక్‌ను. నేనే కట్టిన. దాచింది సుత నేనే."

చాచా తిట్టి ఉంటే బాగుండేది. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, మెట్రో మెట్ల వైపు నడిచి, జనంలో కలిసిపోయాడు. ప్రమోద్ వంగి మూత పీకాడు, ఇంజను ఆగింది. నేను నాణెం ఏరుకొచ్చాను. దాదా అరచెయ్యి చాపాడు, ఇచ్చేశాను.

"నెల కింద చెప్పుంటే సరిపోతుండె చిచ్చా" అన్నాడు ప్రమోద్. మళ్లీ అట్టపెట్టెలకు దారం చుట్టడం మొదలుపెట్టాడు.

చాచా ఆ సాయంత్రమే ఫోనులో రాశాడు: స్విచ్ మంచిదే, తప్పు మాది, ప్రమోద్‌ను మాఫీ అడుగుతున్నాను. కానీ మొదటిది పోయినన్ని చోట్లకు ఇది పోలేదు. నిందకు ఉన్న కాళ్లు మాఫీకి ఉండవేమో. కామరాజు గారు పాపం ఇంటింటికీ తిరిగి చెప్పాడట, వాళ్లు అప్పటికే వేరే కొట్లు చూసుకున్నారు. ప్రమోద్ ఇప్పుడు లక్డీకాపూల్‌లో ఇంకొకరి దుకాణంలో పనిచేస్తున్నాడు. మెట్ల సందులో ఫోను కవర్లు అమ్ముతున్నారు.

చాచా రెండు నెలలు దాదాతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, నేల మీద పరిచిన ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని తింటూ, రొట్టె కావాలంటే నన్ను అడిగేవాడు. నా నౌకరీ రెట్టింపైంది. ఒక ఆదివారం పొద్దున షెడ్డులోకి వచ్చి, దాదా వైపు చూడకుండా, "లివరు ఉంగరపు వేలికి అందేటట్టు జరుపు" అన్నాడు.

దాదా నాలుగు రోజులు ఆ లివరు మీద కూర్చున్నాడు. మంట మీద కాచి వంచాడు, ఆకురాయి పెట్టి రాశాడు, మళ్లీ వంచాడు. ఉంగరపు వేలికి బలం తక్కువ కాబట్టి క్లచ్ స్ప్రింగులు మెత్తవి వేశాడు. చాచా వేలిని పట్టుకుని చూసే వీలు లేదు కదా, అందుకని నా ఉంగరపు వేలిని పట్టుకుని చూశాడు. నా వేలు నాలుగు రోజులు నొప్పి పెట్టింది. "దాదా, నా వేలు పెళ్లి ఉంగరానికి దాచుకున్న" అన్నాను. "లివరు సుత ఉంగరమే" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోట ఇలాంటి జవాబు విన్నాను.

అయిదో రోజు చాచా బండెక్కాడు. కూలిన ఒక గోడ రాళ్ల మీద, మోకాలెత్తు కూడా లేని చోట. మూడుసార్లు కాలు పెట్టాడు. పోటీలకు మళ్లీ పోతాడని నేననుకోను, ఆయనా అనుకోవడం లేదు. అయినా ప్రతి ఆదివారం వస్తాడు. టైరు గాలి దాదాదే, చైను దాదాదే, స్పాంజి, లివరు, బ్రేకు అన్నీ దాదావే. దేనికీ ఇంకొకరిని చూసుకోలేదు.

కానీ ఎక్కే ముందు పక్కకు తిరుగుతాడు. వీపు మాకు పెట్టి, పట్టీ ఒక కొన పళ్లతో పట్టుకుని, మిగిలిన వేళ్లతో మణికట్టుకు బిగించుకుంటాడు. చాలాసేపు పడుతుంది. రెండు మూడుసార్లు జారుతుంది. నేను కట్టబోతే "నక్కో" అని చెయ్యి లాక్కున్నాడు. అంతసేపూ దాదా బక్రీ పక్కన నిలబడే ఉంటాడు, చేతులు కొద్దిగా ముందుకు పెట్టి, ఎవరో ఏదో అందిస్తారన్నట్టు. పళ్ల చప్పుడు ఆగాక ఆ చేతుల్ని గుడ్డతో తుడుచుకుంటాడు. వాటికి మసి ఉన్నా లేకున్నా.

మొన్న వాషర్ల కోసం బిస్కెట్ డబ్బా తెరిస్తే అయిదు రూపాయల బిళ్ల కనిపించింది. నేను ఊరుకునే రకం కాదు కదా.

"దాదా, దానం సొమ్ము సుత కొట్టేసినవా? మనిషి ఇంటికొచ్చి మస్తు దినాలాయె. ఎవరికన్న ఇయ్యాలె గద. ఎవరూ దొరకకపోతే నాకియ్యి, మిర్చీ బజ్జీ తింట."

దాదా దగ్గలేదు. "వాడింక యాడ వచ్చిండు?" అన్నాడు. నా చేతిలోంచి డబ్బా తీసుకుని మూత బిగించాడు. కాస్త కూడా వదులు లేకుండా.